గేరు వేయగానే 4 నాట్లు వెళ్లే బోటును ట్రోలింగ్ స్పీడుకి తగ్గించడం ఎలా?

కూకట్‌పల్లి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. వాళ్ల బావగారితో కలిసి 18 అడుగుల ఫైబర్ బోటు కొన్నారు. 90 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్, అంటే బోటు వెనక బయట తగిలించేది. బోటు కాకినాడలో ఉంటుంది, నెలకో రెండు నెలలకో హైదరాబాద్ నుంచి వెళ్లి గోదావరి పాయల్లో పండుగప్ప కోసం ట్రోలింగ్ చేస్తారు, అంటే బోటు మెల్లగా పోతుండగా గాలాన్ని వెనక లాక్కెళ్తూ చేప పడతారు. గేరు వేస్తే చాలు, యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే జీపీఎస్‌లో 4 నాట్లు చూపిస్తోంది (ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు). లూర్, అంటే చేపలా కనబడే ఉత్తుత్తి ఎర, నీళ్లలో సరిగ్గా ఈదకుండా పక్కకు పడిపోయి గిరగిరా తిరుగుతోంది. చేప తగలడం లేదు. "మెకానిక్ ఐడిల్ తగ్గిస్తానంటున్నాడు, చేయించమంటారా? లేక చిన్న ఇంజిన్ ఇంకొకటి కొనాలా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఐడిల్ జోలికి, అంటే యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం జోలికి, వెళ్లకండి. ఇప్పుడే రెండో ఇంజిన్ కూడా కొనకండి. బోటుకి రెండు వైపులా ముందు భాగం నుంచి, నీళ్లలో బ్రేకులా పనిచేసే రెండు నీటి సంచులు వేలాడదీయండి. మీరు చెప్పిన బోటుకి, ఆ ఇంజిన్‌కి రెండు నాట్ల దగ్గరకు రావాలి. ఖర్చు కొన్ని వేలు దాటదు. కానీ అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది: మీ 4 నాట్లు నిజంగా 4 నాట్లేనా అని చూసుకోవాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

నా సంగతి ఒక్క మాట. నేను ఉండేది బోయిన్‌పల్లిలో. ఔట్‌బోర్డ్ ఇంజిన్లు విప్పి బిగించడం ఇరవై ఏళ్లకు పైగా నా పని. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరిగేటప్పుడు వాటి వెంట తిరిగే రెస్క్యూ బోట్ల ఇంజిన్లు చూసేవాణ్ణి. ఆ బోట్లకీ సరిగ్గా మీ సమస్యే ఉండేది. ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవలో పదేళ్ల పిల్లవాడు ఒక్కడే వెళ్తుంటే, అతని వెనక అల లేపకుండా నడక వేగంతో పోవాలి. పరుగు కోసం చేసిన ఇంజిన్ నడవనంటుంది. చలికాలంలో స్నేహితులతో యానాం వైపు వెళ్లి గాలం వేయడం చాలా ఏళ్లుగా ఉంది కాబట్టి చేప సంగతి కూడా కొంత తెలుసు.

జీపీఎస్ చెప్పేది నేల మీద స్పీడు. లూర్‌కి తెలిసేది నీళ్లలో స్పీడు.

రిజర్వాయర్‌లో ఈ రెండూ దాదాపు ఒకటే. గోదావరి పాయల్లో కావు. అక్కడ పోటుకి నీరు ఎక్కుతుంది, పాటుకి దిగుతుంది, ఆ నీటికి తన నడక తనకు ఉంటుంది. నీరు ఒకటిన్నర నాట్లతో సముద్రం వైపు దిగుతోందనుకోండి. మీరు నీటి వాలున వెళ్తూ జీపీఎస్‌లో 4 నాట్లు చూస్తే, నీళ్లలో మీ లూర్ వెళ్తున్నది రెండున్నర నాట్లే. పండుగప్పకి అది మంచి స్పీడే. అదే బోటు తిప్పి ఏరుకి ఎదురు వెళ్తూ 2 నాట్లు చూసి "ఇప్పుడు కుదిరింది" అనుకుంటే, లూర్ మూడున్నర నాట్లతో పోతున్నట్టు. అంకె చూసి సంతోషిస్తాం, చేప మాత్రం రాదు.

కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు మొదటి అరగంట గాలం వేయకండి. ఇంజిన్ వేడెక్కాక, ఐడిల్‌లో గేరు వేసి ఒక వైపు రెండు మూడు నిమిషాలు తిన్నగా వెళ్లండి, స్పీడు రాసుకోండి. వెంటనే వెనక్కి తిరిగి అదే దారిలో అంతసేపే రండి, అదీ రాసుకోండి. రెండూ కలిపి సగం చేస్తే నీళ్లలో మీ అసలు స్పీడు. రెండింటి తేడాలో సగం ఏరు స్పీడు. గాలి ఎక్కువగా లేని ఉదయం పూట చేస్తే లెక్క బాగా వస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడకండి, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్లు వేడెక్కేదాకా ఐడిల్ కాస్త పైనే ఉంచుతాయి. ఆ పది నిమిషాల స్పీడు చూసి బోటు మీద నింద వేస్తారు.

స్పీడు చూసే ఇంకో పద్ధతికి ఖరీదు లేదు. లూర్‌ని బోటు పక్కనే రెండు మీటర్ల దారం మీద నీళ్లలో వదిలి కళ్లతో చూడండి. చక్కగా తోక ఊపుతూ ఈదుతుంటే స్పీడు బాగున్నట్టు. పక్కకు వాలిపోతుంటే ఎక్కువైనట్టు. దూరం వదిలాక రాడ్ కొస చూడండి, సమంగా వణుకుతుండాలి. వణుకు ఆగితే చెత్త తగులుకుందనో, స్పీడు పోయిందనో అర్థం. నీటి మీద అంకెల కంటే నేను రాడ్ కొసనే ఎక్కువ నమ్ముతాను.

ఏ చేపకి ఎంత స్పీడు అన్నది కూడా చెప్పుకోవాలి. పండుగప్పకి నీళ్లలో కింద ముణిగి ఈదే లూర్‌తో ఒకటిన్నర నుంచి మూడు నాట్లు. బతికున్న ఎరతో అయితే ఇంకా మెల్లగా, నాటున్నర దాటితే ఎర చచ్చిపోతుంది. సముద్రంలోకి వెళ్లి వంజరం కోసం లూర్ లాగేటప్పుడు ఐదారు నాట్లు కూడా బాగుంటుంది, అప్పుడు మీకు ఈ బాధే లేదు. రెండు నాట్లంటే మనిషి తాపీగా నడిచే వేగం.

ఇప్పుడు ఐడిల్ ఎందుకు వద్దన్నానో చెప్తాను. మీ బోటులాంటి అమరికలో ఐడిల్ 700 ఆర్‌పీఎం అనుకుందాం. గేర్‌బాక్సు సుమారుగా రెండుకి ఒకటి తగ్గిస్తుంది కాబట్టి ప్రొపెల్లర్ నిమిషానికి 350 చుట్లు తిరుగుతుంది. దాని పిచ్ 17 అంగుళాలైతే, అంటే ఒక చుట్టుకి 43 సెంటీమీటర్లు ముందుకు తోసేలా మలిచినదైతే, నిమిషానికి 150 మీటర్లు, గంటకి 9 కిలోమీటర్లు. దాదాపు 5 నాట్లు. కొంత జారుడు పోగా మీకు కనబడే 4 నాట్లు. మీ మెకానిక్ బలవంతంగా 50 ఆర్‌పీఎం తగ్గించినా పోయేది పావు నాటు, మహా అయితే. దానికి బదులు మీరు ఇచ్చేది చాలా ఎక్కువ: గేరు వేయగానే ఇంజిన్ ఆగిపోవడం, ఆయిల్ ప్రెషర్ తగ్గడం, బ్యాటరీ సరిగ్గా ఛార్జ్ కాకపోవడం. ఏటి మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, పాటు లాగుతున్నప్పుడు, గేరు వేస్తే ఆగిపోయే ఇంజిన్ మీ వెనక ఉండకూడదు. పైగా మీ ఇంజిన్‌లో ఐడిల్‌ని కంప్యూటరే చూసుకుంటుంది. పాత కార్బురేటర్ బండిలా స్క్రూ తిప్పే పని కాదు.

అయితే ఒకటి కనుక్కోండి. యమహా, సుజుకీ, హోండా, మెర్క్యురీ వాళ్ల కొన్ని మోడళ్లలో ట్రోలింగ్ కోసమే ఆర్‌పీఎం కొద్దికొద్దిగా మార్చుకునే ఏర్పాటు కంపెనీ నుంచే వస్తుంది. యమహాలో ఒక్కో నొక్కుకి 50 ఆర్‌పీఎం మారుతుంది. మీ మోడల్‌కి ఆ ఏర్పాటు పెట్టుకునే వీలుంటే పెట్టించుకోవచ్చు. అది ఇంజిన్‌కి సురక్షితమైన హద్దులోనే ఉంటుంది. కాకపోతే స్పీడుని సన్నగా సర్దుకోవడానికే అది పనికొస్తుంది, 4 నాట్లని 2 చేయదు.

ఇక సంచుల విషయం. నా దృష్టిలో మీకు అసలు మందు ఇదే.

నీటి సంచి అంటే గుడ్డతో కుట్టిన గరాటు. పెద్ద నోరు ముందుకి, చిన్న నోరు వెనక్కి. నీళ్లు పెద్ద నోట్లో దూరి చిన్న నోట్లోంచి ఇబ్బందిగా బయటికి వెళ్తాయి. ఆ ఇబ్బందే మీకు బ్రేకు. రెడీమేడ్‌వి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కానీ నేను రాణీగంజ్‌లో సామాను కొని టార్పాలిన్లు కుట్టే వాళ్ల దగ్గర కుట్టించుకున్నాను. అవి చాలా ఏళ్లు పనిచేశాయి. మీ బోటుకి కొలతలు: ముందు నోరు 60 సెంటీమీటర్ల వెడల్పు, వెనక నోరు 12 నుంచి 15, పొడవు 90. ముందు నోటి చుట్టూ బెల్టు పట్టీ మడిచి కుట్టించి నాలుగు చోట్ల స్టీలు రింగులు పెట్టించండి. నాలుగు రింగుల నుంచి నాలుగు తాళ్లు ఒక పెద్ద రింగుకి, అక్కడొక స్వివెల్, అంటే తాడు మెలిపడకుండా తనంతట తిరిగే లంకె. స్వివెల్ లేకపోతే సంచి తిరిగి తాడు మెలిపడి కర్రలా అయిపోతుంది. నోటికి కింది వైపు కొంచెం సీసం, పై వైపు ఒక చిన్న తేలుడు బిళ్ల పెడితే నోరు ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది.

ఈ కొలత సంచి ఒక్కొక్కటి 2 నాట్ల దగ్గర దాదాపు 19 కిలోల బరువుతో వెనక్కి లాగుతుంది. రెండూ కలిపి 38 కిలోలు. మీ ఇంజిన్ ఐడిల్‌లో తోసే బలానికి ఇది సరిపోయే లాగుడు. ఒక్క సంచితో రెండున్నర నాట్లకు, రెండింటితో రెండుకి అటూఇటూ వస్తారు. ఒకటే వేస్తే బోటు ఆ వైపుకి తిరగాలని చూస్తుంది, స్టీరింగ్ పట్టుకునే ఉండాలి. కాబట్టి రెండు చిన్నవి ఒక పెద్దదానికంటే మేలు.

మొదటి ప్రయోగానికి కుట్టించే పని కూడా లేదు. 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్లు రెండు తీసుకోండి. ఒక్కో బకెట్ 3 నాట్ల దగ్గర సుమారు 10 కిలోలు లాగుతుంది. తాడుని బకెట్ హ్యాండిల్‌కి మాత్రం కట్టకండి, మొదటి పది నిమిషాల్లోనే ఊడి వస్తుంది. అంచు కింద నాలుగు బెజ్జాలు చేసి నాలుగు తాళ్లు వేయండి. అడుగున రెండు మూడు అంగుళాల బెజ్జం ఒకటి పెడితే బకెట్ ఊగకుండా తిన్నగా వస్తుంది, పైకి లాగేటప్పుడు నీళ్లు కూడా కారిపోతాయి.

ఎక్కడ కట్టాలి అన్నది ఎంత లాగుతుంది అన్నదానికంటే ముఖ్యం. అణియం వైపే కట్టండి, అంటే బోటు ముందు భాగంలో తాడు చుట్టే కొక్కేలకి, కుడికొకటి ఎడమకొకటి. అమరానికి, అంటే వెనక భాగానికి, ఎప్పుడూ కట్టకండి. మీ 18 అడుగుల బోటుకి ఆరడుగుల తాడు, దాని చివర రింగుల నుంచి వచ్చే రెండడుగుల నాలుగు తాళ్లు, మూడడుగుల సంచి. మొత్తం పదకొండు అడుగులు. సంచి తోక బోటు నడుము దాటి కొంచెం వెనకే ఆగుతుంది, ప్రొపెల్లర్‌కి ఇంకా ఆరడుగుల పైన దూరం ఉంటుంది. కట్టే ముందు ఒడ్డు మీదే తాడు బోటు పక్కన పరిచి చూసుకోండి, అందుతుందో లేదో కళ్లకి కనబడాలి. సంచిని వెనక నుంచి పైకి లాగడానికి తోకకి సన్నటి తాడు ఒకటి పెడతారు. అది కూడా ప్రొపెల్లర్ దాకా అందనంత పొట్టిగా ఉండాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మొదట్లో నేను ఒక బకెట్‌ని వెనక కొక్కేనికి కట్టాను, తాడు పొడుగు ఉంటే ఏమవుతుందిలే అని. యానాం దిగువన గాలానికి పెద్ద చేప పడింది. అందరం లేచాం. స్టీరింగ్ దగ్గరున్న స్నేహితుడు చేప వైపు బోటు పోనివ్వడానికి రివర్స్ వేశాడు. తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుని ఇంజిన్ టక్కున ఆగిపోయింది. అప్పుడు నీరు దిగుతోంది. బోటు మెల్లగా మొగ వైపు, అలలు విరుగుతున్న వైపు జారడం మొదలైంది. లంగరు వేయడానికి చూస్తే దాని మీద ఐస్ పెట్టె, బ్యాగులు. అవన్నీ తీసి లంగరు పడేసరికి ఎంత దూరం జారామో ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. లంగరు పట్టాక ఇంజిన్ పైకి లేపి, వేలాడుతూ కత్తితో తాడు కోసి తీయడానికి గంట పట్టింది. అంతా బాగానే ఉందనుకున్నాం. ఇంటికొచ్చాక గేర్ ఆయిల్ తీస్తే పాల రంగులో ఉంది. చుట్టుకున్న తాడు షాఫ్ట్ సీల్‌ని కోసేసింది, నీళ్లు లోపలికి వెళ్లాయి. ఆ రోజు నుంచి నా బోటులో లంగరు మీద ఏ సామానూ పెట్టనివ్వను, కత్తి నడుముకే ఉంటుంది.

అమరానికి కట్టకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. వెనక నుంచి అల వచ్చేటప్పుడు బోటు వెనక భాగం లేవగలగాలి. 40 కిలోల లాగుడు అక్కడ ఉంటే లేవలేదు, నీళ్లు లోపలికి వస్తాయి. ముందు కడితే బోటు ముక్కు తిన్నగా నిలుస్తుంది, గాలికి ఊగిసలాట కూడా తగ్గుతుంది.

సంచులు నీళ్లలో ఉండగా రెండు పనులు చేయకూడదు. రివర్స్ వేయకూడదు. స్పీడు పెంచకూడదు. నీటి లాగుడు స్పీడుకి వర్గంగా పెరుగుతుంది. స్పీడు రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. 3 నాట్ల దగ్గర 10 కిలోలు లాగిన ఆ చిన్న బకెట్టే 20 నాట్ల దగ్గర 440 కిలోలు లాగుతుంది. తాడు తెగుతుంది, లేదా ఫైబర్‌తో సహా కొక్కెం ఊడి వస్తుంది. మేము ఒక అలవాటు పెట్టుకున్నాం: సంచులు నీళ్లలో ఉన్నంతసేపు యాక్సిలరేటర్ హ్యాండిల్‌కి ఎర్ర గుడ్డ కట్టి ఉంటుంది. గుడ్డ విప్పేది సంచులు తీసినవాడే. పెద్ద చేప పడితే న్యూట్రల్ వేసి, ముందు సంచి తీసి, ఆ తర్వాతే చేప సంగతి. దీనికి అరనిమిషం చాలు, గట్టి ముడి వేయకుండా కొక్కేనికి ఎనిమిది ఆకారంలో చుట్టి వదిలితే.

ప్రొపెల్లర్ మార్చడం గురించి మీరు అడగలేదు కానీ చూడదగ్గ విషయం. పిచ్ 17 నుంచి 13కి తగ్గిస్తే ఐడిల్ స్పీడు నాలుగో వంతు తగ్గుతుంది, 4 నాట్లు 3 అవుతాయి. పాయల్లో తిరగడానికి, మనుషులు ఎక్కువున్నప్పుడు లాగడానికి కూడా బాగుంటుంది. కాని పిచ్ ఒక్కో అంగుళం తగ్గితే ఫుల్ స్పీడులో ఇంజిన్ దాదాపు 150 నుంచి 200 ఆర్‌పీఎం ఎక్కువ తిరుగుతుంది. మీ ఇంజిన్ పుస్తకంలో ఫుల్ థ్రాటిల్ హద్దు రాసి ఉంటుంది, ఈ తరగతి ఇంజిన్లకి తరచుగా 5000 నుంచి 6000 మధ్య. ఇప్పుడు మామూలు బరువుతో ఫుల్ ఇస్తే 5700 వస్తోందంటే ప్రొపెల్లర్ ముట్టుకోకండి. 4900 దగ్గరే ఆగిపోతోందంటే మాత్రం మీకు ఎవరో ఎక్కువ పిచ్ అంటగట్టారు, తగ్గించడం ఇంజిన్‌కీ మంచిది, ట్రోలింగ్‌కీ మంచిది.

ప్రొపెల్లర్ వెనక అడ్డంగా పడే ట్రోలింగ్ ప్లేట్లు కూడా ఉంటాయి. బాలానగర్‌లో ఏ ఫ్యాబ్రికేషన్ షెడ్డులోనైనా చేయించవచ్చు. నేను సిఫారసు చేయను. స్టీరింగ్ వదులైపోతుంది, పైకి లేపడం మర్చిపోయి స్పీడిచ్చిన రోజు వంగుతుంది.

గేరు వేస్తూ తీస్తూ నెట్టుకురావడం చాలామంది చేసే పని. ఒక మలుపు దగ్గర ఐదు నిమిషాలు చేస్తే నష్టం లేదు, ఆగి సాగే లూర్‌ని చేప కొట్టడం కూడా చూశాను. పొద్దంతా అదే చేస్తే గేర్‌బాక్సులో పళ్ల అంచులు అరుగుతాయి. గేరు వేసేటప్పుడు మెత్తగా నొక్కకండి, ఒక్క దెబ్బకి టక్కున వేయండి, మెల్లగా వేస్తేనే పళ్లు కొట్టుకుని అరిగేది.

రెండో చిన్న ఇంజిన్ ఎప్పుడు కొనాలి? మీరు నెలకి మూడు నాలుగు సార్లు వెళ్తూ, రోజుకి ఐదారు గంటలు ట్రోలింగే చేస్తుంటే కొనండి. 6 నుంచి 8 హార్స్‌పవర్ చాలు, షాఫ్ట్ పొడవు మీ బోటు వెనక పలక ఎత్తుకి సరిపోవాలి. పెద్ద ఇంజిన్ ఆగినప్పుడు ఇంటికి చేర్చేది కూడా అదే, సముద్రంలోకి వెళ్లేవాళ్లకి ఆ ధీమా విలువైనది. ఎలక్ట్రిక్ మోటార్ రిజర్వాయర్‌లో హాయిగా ఉంటుంది, చప్పుడు ఉండదు. పాయల్లో ఏరుని, గాలిని తట్టుకోవాలంటే మీ బోటు బరువుకి 24 వోల్టులది, 80 పౌండ్ల తోపుది కావాలి, అదీ ఉప్పు నీటికి చేసినదే. బ్యాటరీలతో కలిపి ఖర్చు చిన్న పెట్రోల్ ఇంజిన్‌ని దాటిపోతుంది.

సంచులతో గంటలకొద్దీ ఐడిల్‌లో నడిపేటప్పుడు ఇంజిన్ మీద ఒక కన్ను ఉంచండి. వెనక సన్నగా పిచికారీలా వచ్చే నీటి ధార ఆగకుండా రావాలి. వరద తర్వాత గోదావరి నీళ్లలో ఒండ్రు ఎక్కువ, పంపులోని రబ్బరు రెక్కలు త్వరగా అరుగుతాయి. గంటకోసారి సంచులు తీసి, రెండు మూడు నిమిషాలు స్పీడుగా తిప్పండి. చేపల ఫైండర్, నీటి పంపు, పాటలు అన్నీ ఒకే బ్యాటరీ మీద ఉంటే సాయంత్రానికి స్టార్ట్ కాకపోవచ్చు, ఐడిల్‌లో ఛార్జింగ్ చాలా తక్కువ. స్టార్టింగ్ బ్యాటరీని విడిగా ఉంచండి.

నీళ్ల దగ్గరకు వెళ్లే తేదీ కూడా చూసుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం, మోటారు బోట్లకీ వర్తిస్తుంది. కోరింగ అభయారణ్యం లోపల గాలం వేయకూడదు. "ఇక్కడే గండిపేటలో ఒకసారి సంచులు పరీక్షించుకుందామా" అని మీకు అనిపించవచ్చు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తాగునీటి చెరువులు, అక్కడ అనుమతి లేకుండా మోటారు బోటు దించే ఆలోచనే వద్దు. కుట్టుబలం చూసుకోవాలంటే సంచిని చెట్టు కొమ్మకి నోరు పైకి ఉండేలా వేలాడదీసి, తోక మూసి 40 లీటర్ల నీళ్లు పోయండి. ఆ బరువుకి కుట్లు నిలిస్తే 2 నాట్ల దగ్గర నిలుస్తాయి.

ఇంకొక్క చిట్కా. ట్రోలింగ్‌లో తిన్నగా కాకుండా పాములా వంకరలు తిరుగుతూ వెళ్లండి. మలుపు లోపలి వైపు లూర్ మెల్లగా అవుతుంది, బయటి వైపుది వేగం అందుకుంటుంది. ఏ వైపు రాడ్‌కి చేప కొట్టిందో గుర్తుపెట్టుకోండి. లోపలి వైపే పదే పదే కొడుతుంటే ఆ రోజు ఇంకా తగ్గించాలి. మలుపు మాత్రం విశాలంగా తీసుకోండి, మరీ బిగువుగా తిరిగితే లోపలి వైపు సంచి బోటు కిందికి వస్తుంది.

ఈసారి వెళ్లినప్పుడు మూడు సంగతులు రాసుకొచ్చి ఇక్కడ పెట్టండి. ఏటి వాలున, ఎదురున ఐడిల్ స్పీడులు, ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం, ప్రొపెల్లర్ మధ్య గుండు మీద చెక్కి ఉండే కొలతలు. రెండు అంకెలు ఉంటే రెండోది పిచ్. అవి చూశాక సంచి నోరు 60 ఉంచాలా, 50కి తగ్గించాలా, ప్రొపెల్లర్ మార్చాలా అన్నది సరిగ్గా లెక్క కట్టి చెప్తాను.